మోటారుసైకిలు విప్పి నేర్చిన చదువు: జి.డి. నాయుడు జీవితం

కోయంబత్తూరు: నగరంలోని అవినాశి రోడ్డుపై 2025 అక్టోబరులో ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది. భారతదేశపు ఎడిసన్‌గా ప్రసిద్ధికెక్కిన ఈ తెలుగు ఆవిష్కర్త ఏ ఇంజినీరింగు కళాశాలలోనూ చదువుకోలేదు. ఆయన బడి చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. యంత్రాల గురించి ఆయనకు తొలి పాఠాలు చెప్పింది ఒక రడ్జ్ మోటారుసైకిలు. హోటలులో వడ్డన చేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొని, ఇంటికి తెచ్చి, ముక్క ముక్కగా విప్పి, మళ్ళీ బిగించి ఆయన యాంత్రిక విద్య నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆయన నడిపిన బస్సులకు, చేసిన మోటార్లకు, నెలకొల్పిన విద్యాసంస్థలకు మూలం ఆ అభ్యాసంలోనే ఉంది. చేతితో పట్టి చూసినదే అసలైన చదువన్న ఆ నమ్మకమే ఆయనను చివరి వరకు ప్రభుత్వ నిబంధనలతో తగవుకు దింపింది.

కలంగల్‌లో బాల్యం

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. విజయనగర కాలం నుంచి తెలుగు సీమ విడిచి కొంగునాడుకు వలస వెళ్ళిన రైతు కుటుంబాలకు చెందినవారు ఆయన పూర్వికులు. తరాలు గడిచినా ఆ కుటుంబాల ఇళ్ళలో తెలుగే మాట్లాడుకునేవారు. నల్లరేగడి నేలల్లో పత్తి పండించడం వారి ప్రధాన వృత్తి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఆ సమాజం పత్తి చేల నుంచి జిన్నింగు మిల్లులకు, అక్కడి నుంచి నూలు మిల్లులకు అడుగు వేసింది. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్‌ను స్థాపించడం ఆ మార్పుకు ఒక గుర్తు.

దొరస్వామి చిన్నతనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు రుచించలేదు. పాఠాలు వల్లె వేయడం కంటే పొలంలో తిరగడమే ఆ బాలుడికి ఇష్టం. చదువు మధ్యలోనే మానేసి తండ్రితో కలిసి సేద్యం పనులు చూసుకున్నారు. పట్టుదల, మొండితనం ఆనాటి నుంచే ఆయన స్వభావంలో కనిపించేవి. పుస్తకాలను మాత్రం ఆయన వదిలిపెట్టలేదు. బడి బయట తనకు తానుగా చదువుకునే అలవాటు జీవితాంతం కొనసాగింది.

హోటలు వడ్డన, మూడు వందల రూపాయలు

ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారుసైకిలుపై ఆ పల్లె వైపు వచ్చారు. ఎద్దుల బండ్లు, గుర్రపు బండ్లు తప్ప మరో వాహనం ఎరుగని దారిలో, లాగే జంతువేదీ లేకుండా పరుగెత్తే ఆ బండి యువకుడైన దొరస్వామిని నిలువునా ఆకట్టుకుంది. అది ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన రడ్జ్ మోటారుసైకిలు. సైకిళ్ళ తయారీలో పేరుగాంచిన రడ్జ్ విట్‌వర్త్ సంస్థ 1911 నుంచి మోటారుసైకిళ్ళను తయారుచేసింది. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ పందెంలో విజయం సాధించింది.

అటువంటి బండిని కొనడం ఒక రైతు కుమారుడికి అందని మాట. దొరస్వామి ఊరు విడిచి కోయంబత్తూరు చేరుకుని ఒక హోటలులో సర్వరుగా చేరారు. దాదాపు మూడేళ్ళు వడ్డన చేసి, జీతంలో నుంచి సుమారు 300 రూపాయలు కూడబెట్టారు. ఆ డబ్బుతో తన మనసు దోచుకున్న మోటారుసైకిలునే సొంతం చేసుకున్నారు.

సాధారణంగా అంత కష్టపడి కొన్న బండిని ఎవరైనా ఎక్కి ఊరేగుతారు. ఆయన మాత్రం దాని భాగాలను విప్పడం మొదలుపెట్టారు. ఏ భాగం ఎందుకుందో, దేనివల్ల ఏది కదులుతోందో తెలుసుకుని తిరిగి కూర్చారు. నేర్పే గురువు గాని, పనిముట్లతో నిండిన కర్మశాల గాని ఆయనకు అందుబాటులో లేవు.

ఆ బండిలో ఏముంది?

ఆ కాలపు మోటారుసైకిలును ఇంట్లో విప్పడం ఎంతటి సాహసమో తెలియాలంటే దాని నిర్మాణాన్ని కొంత గమనించాలి. అప్పటి బండ్లు బలమైన సైకిలుకు ఇంజిను అమర్చినట్లు ఉండేవి. ఇంజిను శక్తి చాలా బండ్లలో తోలు లేదా రబ్బరు బెల్టు ద్వారా వెనుక చక్రానికి చేరేది. దీపం కార్బైడ్ వాయువుతో వెలిగేది.

ఎక్కువ మెళకువ కావలసింది బండి ముందు భాగంలో. నేటి మోటారుసైకిళ్ళకు ఉన్నట్లు నూనె నింపిన గొట్టాల ఫోర్కు అప్పట్లో వాడుకలో లేదు. ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు చట్రం మొత్తం స్ప్రింగు ఆధారంగా పైకీ కిందకీ కదిలేది. చిన్న లింకులతో చట్రాన్ని హ్యాండిలు స్తంభానికి కలిపే గర్డర్ ఫోర్కులు తర్వాతి దశాబ్దాల్లో సర్వసాధారణమయ్యాయి. గతుకుల దెబ్బను మెత్తబరచడం, చక్రాన్ని అటూ ఇటూ ఊగనీయకుండా నిలపడం, హ్యాండిలు తిప్పినప్పుడు తడబాటు లేకుండా తిరగనీయడం అనే మూడు పనులనూ ఆ అమరికే చేయాలి.

హ్యాండిలు స్తంభానికి పైనా కిందా గిన్నెల్లాంటి అమరికలలో చిన్న ఉక్కు గుండ్లు విడివిడిగా ఉండేవి. పై నట్టు వదులు చేసి ఫోర్కును కిందికి దించగానే అవి నేల మీద చెల్లాచెదురవుతాయి. ఒక్క గుండు తప్పిపోయినా హ్యాండిలు సరిగా తిరగదు. తిరిగి బిగించేటప్పుడు నట్టు ఎక్కువ బిగిస్తే హ్యాండిలు పట్టేస్తుంది, తక్కువ బిగిస్తే వేగంలో కంపిస్తుంది. లింకుల ఇరుసులు అరిగితే చక్రం పక్కలకు ఊగుతుంది. స్ప్రింగు నడిపేవాడి బరువుకు, దారి గరుకుదనానికి తగినట్లు ఉండాలి. ఇంగ్లండు రోడ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన బండి కొంగునాడు బండిబాటల మీద సాఫీగా సాగాలంటే దానిని స్థానికంగా సవరించుకోక తప్పదు. విడి భాగం పాడైతే అది ఓడలో రావాలి, లేదా ఊరి కమ్మరి చేత చేయించుకోవాలి.

ఈ రకమైన యంత్రాన్ని విప్పి బిగించినవాడు ఎవరూ చెప్పకుండానే కొన్ని సూత్రాలు గ్రహిస్తాడు. ఎంత బిగించాలో చేతికి తెలుస్తుంది, ఏ భాగం ముందు అరుగుతుందో కంటికి తెలుస్తుంది, తయారీదారు చేసిన అమరికే అంతిమం కాదని మనసుకు తెలుస్తుంది. ఈ మూడో పాఠమే దొరస్వామి నాయుడి జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ తర్వాత ఆయన చేతికి వచ్చిన ప్రతి యంత్రాన్నీ ఇంకా ఎలా మెరుగుపరచవచ్చన్న దృష్టితోనే చూశారు.

కర్మశాల తలుపుల వెలుపల

ఆ రోజుల్లో సాధారణ కుటుంబాల యువకులు యంత్రవిద్య నేర్చుకునే ప్రధాన మార్గం రైల్వే కర్మశాలలు. బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ ఖరగ్‌పూర్‌లో నెలకొల్పిన వర్క్‌షాపు తూర్పు తీరపు తెలుగువారికి పెద్ద ఆధారమైంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రైలు మార్గం వెంట వెళ్ళిన కుటుంబాలు ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. ఫిట్టరు, టర్నరు, కమ్మరి వంటి పనులు అక్కడ తండ్రి నుంచి కొడుకుకు, మేస్త్రీ నుంచి అప్రెంటిసుకు అందాయి. పట్టా లేకపోయినా చేతి నైపుణ్యానికి ఆ కర్మశాలలో ఒక స్థానం, ఒక జీతం ఉండేవి.

కలంగల్ యువకుడికి ఆ మార్గం కూడా లేదు. మేస్త్రీ స్థానంలో మోటారుసైకిలును, అప్రెంటిసు కాలానికి బదులుగా తన ఓపికను పెట్టుకుని ఆయన మెకానిక్కుగా మారారు. ఈ తేడా తర్వాతి కాలంలో ఆయన విద్యా దృక్పథాన్ని తీర్చిదిద్దింది. కర్మశాలలో నేర్చిన చేతికీ, కళాశాలలో నేర్చిన బుర్రకూ మధ్య ఉన్న గోడను తొలగించాలని ఆయన తపించారు.

నష్టం తర్వాత ఒక బస్సు

మెకానిక్కుగా కుదురుకున్న తర్వాత నాయుడు తిరుప్పూరులో పత్తి జిన్నింగు మిల్లు నడిపారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తి ధరలు పెరగడంతో మంచి లాభాలు వచ్చాయి. ఆ ఉత్సాహంతో బొంబాయి పత్తి వ్యాపారంలో దిగి, సంపాదించినదంతా పోగొట్టుకున్నారు. విప్పి చూడడానికి వీలులేని వ్యాపారం ఆయనకు కలిసి రాలేదు. తిరిగి కోయంబత్తూరు వచ్చి యంత్రాల వైపే మళ్ళారు.

కోయంబత్తూరులో నూలు మిల్లులకు, మోటారు వాహనాల వ్యాపారానికి ఆద్యుడైన సర్ రాబర్ట్ స్టేన్స్ ఆయనలోని నైపుణ్యాన్ని గుర్తించి చేయూతనిచ్చారు. ఆ సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు సమకూర్చుకుని పొల్లాచి, పళని మధ్య నడిపారు. మొదట డ్రైవరు కూడా ఆయనే. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్ళే యాత్రికులతో ఆ దారి ఎప్పుడూ రద్దీగా ఉండేది.

ఒక్క బస్సుతో మొదలైన ఆ ప్రయత్నం యూనివర్సల్ మోటార్ సర్వీసుగా విస్తరించింది. 1930ల తొలినాళ్ళకు ఆయన బస్సుల సంఖ్య 280కి చేరింది. సమయపాలనకు, వాహనాల నిర్వహణకు ఆ సంస్థ పేరు తెచ్చుకుంది. బస్సు దారిలో ఆగిపోతే యజమాని స్వయంగా కారణం కనిపెట్టగల సంస్థ అది. కూలి డబ్బుతో కొన్న మోటారుసైకిలుకు చేసిన సేవే ఇప్పుడు వందల బస్సులకు విస్తరించింది.

మోటారు నుంచి రేజరు వరకు

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1930ల ఆరంభంలో పని మొదలుపెట్టడంతో కోయంబత్తూరు ప్రాంతానికి విద్యుత్తు విరివిగా అందింది. మిల్లులకూ, బావుల నుంచి నీరు తోడే రైతులకూ విద్యుత్ మోటార్లు కావలసి వచ్చాయి. అవన్నీ విదేశాల నుంచి దిగుమతి అయ్యేవి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో స్వదేశంలోనే విద్యుత్ మోటారును తయారుచేశారు. దేశీయంగా తయారైన తొలి విద్యుత్ మోటారుగా అది గుర్తింపు పొందింది. బాలసుందరం నాయుడు తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. మోటారు పంపుల తయారీలో కోయంబత్తూరు నేటికీ దేశంలో అగ్రగామి కేంద్రంగా ఉండడం వెనుక ఆనాటి ప్రయత్నాల బలముంది.

ఐరోపా పర్యటనలలో, ముఖ్యంగా జర్మనీలో, నాయుడు కర్మాగారాలను శ్రద్ధగా పరిశీలించారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు అమర్చిన రసాంత్ అనే విద్యుత్ రేజరును రూపొందించారు. అతి పలుచని క్షౌరపు బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసినుతో నడిచే ఫ్యాను, అక్రమాలకు తావివ్వని ఓటు నమోదు యంత్రం, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం ఆయన చేసిన వాటిలో కొన్ని. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించారు. సాధారణ కుటుంబం కొనగల ధరలో యంత్రం ఉండాలన్న పట్టు ఆయన ప్రతి ప్రయత్నంలోనూ కనిపిస్తుంది.

కెమెరా కూడా ఆయనకు ఇష్టమైన యంత్రమే. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించారు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌లను కూడా తన కెమెరాలో బంధించారు. వ్యవసాయ క్షేత్రంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి రకాలపై ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ క్షేత్రాన్ని సందర్శించారు.

రెండేళ్ళా, నాలుగేళ్ళా?

1944లో నాయుడు తన మోటారు సంస్థల నిర్వహణ నుంచి తప్పుకుని, పరిశోధన వేతనాలకు, ఉద్యోగుల, బలహీన వర్గాల సంక్షేమానికి విరాళాలు ప్రకటించారు. ఆయన దాతృత్వంతో అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగు కళాశాల ఏర్పడ్డాయి. 1945లో ఆయనే ప్రిన్సిపాలు బాధ్యతలు చేపట్టారు. ప్రాథమిక విద్యతో ఆగిపోయిన వ్యక్తి ఇంజినీరింగు కళాశాలకు అధిపతి కావడం ఆనాటికి అపూర్వమైన సంగతి.

అక్కడే ఆయన నమ్మకానికి, ప్రభుత్వ విధానానికి పొత్తు కుదరలేదు. ఇంజినీరింగు చదువుకు నాలుగేళ్ళు అవసరం లేదని, యంత్రం ముందు నిలబెట్టి నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదించారు. పేద కుటుంబపు యువకుడికి మిగిలిన రెండేళ్ళూ సంపాదన కాలమవుతాయన్నది ఆయన ఆలోచన. నాటి ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. ఆ కళాశాల తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారి నేటికీ కోయంబత్తూరులో కొనసాగుతోంది.

ఈ వివాదంలో రెండు పక్షాలకూ బలముంది. వంతెన కట్టేవాడికి, విద్యుత్ కేంద్రాన్ని రూపొందించేవాడికి గణితం, పదార్థశాస్త్రం లోతుగా తెలియాలి. అవి యంత్రాన్ని విప్పినంత మాత్రాన రావు. అయితే నాలుగేళ్ళు చదివి పట్టా పొందినా ఒక నట్టును సరిగా బిగించలేని ఇంజినీర్లు తయారవుతున్నారన్న ఫిర్యాదు ఇప్పటికీ పరిశ్రమల నుంచి వినిపిస్తూనే ఉంది. నాయుడు అడిగిన ప్రశ్న ఆయన రాజీనామాతో ముగిసిపోలేదు.

అనుమతి దొరకని కారు

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ముందు మరో అడ్డంకి నిలిచింది. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును ఆయన రూపొందించారు. దాని ధర 2,000 రూపాయలు. బస్సులో పళని వెళ్ళే మధ్యతరగతి కుటుంబం కూడా కొనుగోలు చేయగల కారు అది. అయితే పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చింది. ఏ వస్తువును ఎవరు ఎంత మేరకు తయారుచేయాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. కారు ఉత్పత్తికి కావలసిన అనుమతి ఆయనకు లభించలేదు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

కొద్దిపాటి విదేశీ మారకాన్ని, ఉక్కును జాగ్రత్తగా పంచవలసిన స్థితిలో కొత్త దేశం ఉన్నదన్నది ఆ విధానాన్ని రూపొందించినవారి వాదన. ఆ జాగ్రత్తలో దేశం ఏమి పోగొట్టుకుందో లెక్క కట్టడం కష్టం. ఇంట్లో కూర్చుని యంత్రాన్ని మార్చి చూసే మనిషికి కాగితం మీద స్థానం లేకపోవడం నాయుడిని తీవ్రంగా బాధించింది. పన్నులపై, అనుమతుల విధానంపై ఆయన తన నిరసనను దాచుకోలేదు.

చివరి సంవత్సరాలు

వయసు మీదపడినా ప్రయోగాలు ఆగలేదు. పునాది నుంచి కప్పు వరకు ఒక ఇంటిని 1967లో 11 గంటల్లో నిర్మించి చూపించారు. అదే సంవత్సరం పారిశ్రామిక కార్మిక సంక్షేమ సంఘాన్ని నెలకొల్పి, శిక్షణకు, ప్రదర్శనకు శ్రద్ధ వహించారు. కళాశాల మెట్లు ఎక్కలేని యువకుడు యంత్రాన్ని దగ్గర నుంచి చూసి తెలుసుకోగల చోటు ఒకటి ఉండాలన్నది ఆయన కోరిక. 1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన కుటుంబం, ధర్మసంస్థ అవినాశి రోడ్డుపై ఆయన ఆవిష్కరణలతో కూడిన ప్రదర్శనశాలను నిర్వహిస్తున్నాయి. దాని పక్కనే 2015లో పాత కార్ల ప్రదర్శనశాల కూడా ప్రారంభమైంది. బడి పిల్లలు తరగతుల వారీగా అక్కడికి వస్తుంటారు.

నాయుడు రూపొందించిన వస్తువుల్లో చాలా భాగం ఇప్పుడు వాడుకలో లేదు. రేజర్లు, రేడియోలు మారిపోయాయి, రెండు వేల రూపాయల కారు రోడ్డెక్కనే లేదు. అయినా కోయంబత్తూరులోని చిన్న కర్మశాలల్లో, పంపుల తయారీ కేంద్రాల్లో, లేత్ ముందు నిలబడి కొత్త భాగాన్ని స్వయంగా చెక్కి చూసే పనివారిలో ఆయన పద్ధతి సజీవంగా ఉంది. అటువంటి చేతులకు పట్టా ఇవ్వాలా, అనుమతి ఇవ్వాలా, ఇస్తే ఎన్నేళ్ళకు ఇవ్వాలన్న ప్రశ్నకు విద్యాశాఖలు, పరిశ్రమల శాఖలు నేటికీ సంతృప్తికరమైన సమాధానం వెతుకుతూనే ఉన్నాయి.